అలెప్పీ హౌస్‌బోటు: బోటు మొత్తం బాడుగకు తీసుకునే బృందాలు చూసుకోవలసినవి

ఒకే వీధిలో పెరిగి, ఇప్పుడు ఒంగోలులో కొందరు, నెల్లూరులో కొందరు, హైదరాబాదులో కొందరుగా స్థిరపడిన మా కుటుంబాలు చాలా ఏళ్లుగా సెలవులకు కేరళలోని అలెప్పీకి వెళ్లి, హౌస్‌బోటును పూర్తిగా మాకే బాడుగకు తీసుకుని ఒక రాత్రి గడిపి వస్తున్నాయి. పెద్దవాళ్లు, పిల్లలు కలిసి ఇరవై మందికి అటూఇటూగా ఉంటాం. రెండు గదుల బోటు మొదలు పై అంతస్తున్న ఆరు గదుల బోటు వరకు, ఏజెంటు మాట్లాడి పెట్టినవి, యజమానితో మేమే మాట్లాడుకున్నవి, అన్ని రకాలూ చూసిన మీదట చెబుతున్నాను: ఫొటోల్లో కనిపించే గదినీ, పూలు చల్లిన మంచాన్నీ చూసి బోటును ఎంచుకోవడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఒక ధరకు దొరికే బోట్లలో గదులు దాదాపు ఒకే తీరున ఉంటాయి. తేడా అంతా వేళల్లో, రాత్రి బోటు కట్టే చోటులో, అనుమతి ఉన్న మనుషుల లెక్కలో, అన్నిటికంటే ఎక్కువగా బోటు నడిపే సిబ్బందిలో ఉంటుంది.

ముందుగా వేళల సంగతి. మధ్యాహ్నం 12 గంటలకు ఎక్కించి మర్నాడు ఉదయం 9 గంటలకు దింపడం అక్కడి ఆనవాయితీ. లెక్కకు 21 గంటలు ఉన్నా బోటు కదిలేది అయిదారు గంటలకు మించదు. భోజనానికి ఏదో ఒక ఒడ్డున గంటసేపు ఆపుతారు, సాయంత్రం అయిదున్నర ప్రాంతంలో కట్టేస్తారు, తెల్లవారి ఫలహారం వేళకు మళ్లీ కాసేపు తిప్పి రేవుకు చేరుస్తారు. రాత్రిపూట వేంబనాడు సరస్సులో జాలర్లు వలలు వేసుకుంటారు గనుక చీకటి పడ్డాక హౌస్‌బోట్లు తిరగకూడదు. వెన్నెల్లో సరస్సు మీద సాగిపోతామని ఊహించుకుని వచ్చినవాళ్లు ఇక్కడే నిరాశపడతారు, మా బృందంలో కొత్తగా చేరిన ప్రతివాళ్లూ ఆరు గంటలకల్లా "ఏం, అప్పుడే ఆపేశారేంటి?" అని అడిగినవాళ్లే. ఏజెంట్లు ఈ విషయాన్ని దాచరు గానీ, అడిగితే తప్ప చెప్పరు.

వేళలు ఇంత బిగువుగా ఉండటం వల్ల మనవైపు నుంచి వెళ్లేవాళ్లు రైలు విషయంలో జాగ్రత్త పడాలి. ధన్‌బాద్ – అలెప్పీ ఎక్స్‌ప్రెస్ ఒంగోలు, నెల్లూరు మీదుగా నేరుగా అలెప్పీకే వెళ్తుంది. శబరి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్తే కొట్టాయంలోనో చెంగన్నూరులోనో దిగి రోడ్డున రావాలి. దూరం నుంచి వచ్చే ఈ రైళ్లు ఆలస్యమైతే పోయేది మన సమయమే. మధ్యాహ్నం మూడింటికి ఎక్కినా మర్నాడు 9 గంటలకు దిగవలసిందే, అంటే బోటు తిరిగే సమయంలో సగానికి పైగా రేవులోనే కరిగిపోతుంది. అందుకని మేము ముందురోజే చేరుకుని ఊళ్లో బస చేస్తాం. టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు గనుక, అయ్యప్ప మాలల కాలంలో, అంటే నవంబరు మధ్య నుంచి సంక్రాంతి దాకా, ఇరవై మందికి ఒకే బండిలో బెర్తులు దొరకడం చాలా కష్టం. బోటు తేదీని రైలు టికెట్లు చేతికి వచ్చాకే ఖాయం చేసుకోవాలి.

ఇక రాత్రి కట్టే చోటు. ఒకే గట్టు వెంట పది పన్నెండు బోట్లు పక్కపక్కనే ఆనించి కట్టే రేవులు కొన్ని ఉన్నాయి. అలాంటి చోట పక్క బోటు పాటలు, దాని జనరేటరు మోత, పొగ మనకు ఉచితంగా దక్కుతాయి. ఒకసారి మా పడకగది కిటికీకి పక్క బోటు జనరేటరు గొట్టం బారెడు దూరంలో పడటంతో పెద్దవాళ్లంతా అర్ధరాత్రి లేచి ముందు వసారాలో కూర్చున్నారు. గట్టు మీద నుంచి కరెంటు తీసుకునే వసతి ఉన్న చోట కడతారా, జనరేటరు మీద నడుపుతారా అన్నది ఒక్క మాట అడిగితే తేలిపోతుంది. కైనకరి వైపు వరిచేల గట్లకు విడిగా కట్టమని ముందే చెప్పుకుంటే చాలామంది ఒప్పుకుంటారు. ఏసీ కూడా ఈ లెక్కలోదే. మామూలు బోట్లలో రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకే ఏసీ వేస్తారు. రోజంతా ఏసీ ఉన్నది కావాలంటే బాడుగ బాగా పెరుగుతుంది. పగలంతా ముందు వసారాలో గాలికి కూర్చునేవాళ్లకు ఆ ఖర్చు దండగ అని నా ఉద్దేశం. పసిపిల్లలు ఉంటే మాత్రం వేరే మాట.

మనుషుల లెక్క దగ్గర నేను ఎవరి మొహమాటానికీ లొంగను. 2017 నవంబరు 12న విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం ఫెర్రీ వద్ద కృష్ణలో బోటు తిరగబడి 20 మందికి పైగా చనిపోతే, వారిలో చాలామంది మా ఒంగోలు వాళ్లు. రోజూ పొద్దున్నే కలిసి నడిచే వాకర్స్ క్లబ్బు సభ్యులు కుటుంబాలతో కార్తీకమాసపు విహారానికి వెళ్లి అలా పోయారు. ఆ బోటుకు అనుమతి లేదు, ఎక్కినవాళ్లకు లైఫ్ జాకెట్లు ఇవ్వలేదు. కేరళలో మాత్రం అంతా సవ్యంగా ఉంటుందనుకోవడానికీ లేదు. 2023 మే 7న మలప్పురం జిల్లా తానూరులో, చేపల పడవను మార్చి తయారుచేసిన రెండంతస్తుల బోటు చీకటి పడే వేళ పరిమితికి మించిన జనంతో బయలుదేరి మునిగి 22 మంది మరణించారు, అందులో పిల్లలే ఎక్కువ. కాబట్టి బోటు మాట్లాడేటప్పుడు రిజిస్ట్రేషను పత్రం, బీమా పత్రం ఫొటోలు పంపమని అడుగుతాను. అక్కడి బోట్లకు కేఐవీ అనే అక్షరాలతో మొదలయ్యే నంబరు ఉంటుంది. పత్రంలోని నంబరు, బోటు పక్కన రాసిన నంబరు ఒకటేనా అని ఎక్కే ముందు సరిచూసుకుంటాను. ఎంతమందికి అనుమతి ఉందో, పై అంతస్తులో ఒకేసారి ఎంతమంది ఉండవచ్చో విడివిడిగా అడగాలి. "పిల్లలే కదండీ, లెక్కలోకి రారులెండి" అన్న ఏజెంటుతో మేము బేరం అక్కడితో ఆపేశాం. పిల్లలు నీళ్లలో పడితే లెక్కలోకి వస్తారు.

లైఫ్ జాకెట్లు ఉన్నాయంటే సరిపోదు, పిల్లల కొలతవి ఉండాలి, అవి మంచాల కింద మూటగట్టి కాకుండా చేతికందేలా ఉండాలి. హౌస్‌బోటు పైకప్పు వెదురుతో, చాపతో, కొబ్బరి పీచు తాళ్లతో కట్టింది. వంట గది వెనక భాగంలో గ్యాసు బండ మీద నడుస్తుంది. 2020 జనవరిలో పాతిరామణల్ దీవి దగ్గర ఒక హౌస్‌బోటు మంటల్లో కాలిపోగా ప్రయాణికులందరినీ కాపాడగలిగారు. నిప్పు ఆర్పే సిలిండరు ఎక్కడుందో చూసుకోవడానికి ఒక నిమిషం పడుతుంది, బోటెక్కగానే ఆ పని చేస్తే చాలు.

మా సంఖ్యకు ఒక పెద్ద బోటు మేలా, రెండు చిన్నవి మేలా అన్న చర్చ మా ఇళ్లలో ఏటా జరుగుతుంది. ఆరేడు గదుల బోటులో అందరూ ఒకచోట ఉంటారు, పేకాట, అంత్యాక్షరి సాగుతాయి, ఖర్చూ కొంత తగ్గుతుంది. అయితే అంత పెద్ద బోటు సరస్సులోనూ వెడల్పాటి కాలువల్లోనూ తప్ప తిరగలేదు. మూడు గదుల బోటు వెళ్లే కాలువల్లోకి సైతం కొన్నిచోట్ల అది రాదు. ఊళ్ల మధ్య ఇరుకు కాలువల్లోకి ఏ హౌస్‌బోటూ పోలేదు గనుక అవి చూడాలంటే శికారా పడవను గంట లెక్కన వేరే మాట్లాడుకోవాలి, ఆ డబ్బు బాడుగలో కలవదు. నా ఓటు రెండు మధ్యరకం బోట్లకు. పగలు ఒకదాని వెనక ఒకటి సాగి, రాత్రి రెండింటినీ ఆనించి కట్టమంటే కలిసి ఉన్నట్టూ ఉంటుంది, నిద్రపోవాలనుకున్న పెద్దవాళ్లకు ఒక బోటు నిశ్శబ్దంగానూ మిగులుతుంది. ముప్పై నలభై మంది ఆఫీసు బృందమైతే రాత్రి బస జోలికి పోకుండా, ఉదయం 11 నుంచి సాయంత్రం 5 దాకా పగటి బోటు తీసుకోవడం నయం.

భోజనం బాడుగలో భాగం. ఎర్రటి మట్ట బియ్యపు అన్నం, సాంబారు, కొబ్బరి తురుముతో తోరన్ అనే కూర వేపుడు, అప్పడం, వేయించిన కరిమీన్ చేప. సాయంత్రం టీతో అరటిపండు బజ్జీ. రాత్రికి చపాతీ, కోడికూర. తాజాగా ఉంటుంది, తృప్తిగా పెడతారు, కానీ ప్రకాశం జిల్లా నాలుకకు ఆ కారం ఏ మూలకూ చాలదు. మా అత్తయ్య గోంగూర పచ్చడి, కందిపొడి, చిన్న సీసాలో నెయ్యి లేకుండా బోటెక్కదు. కొబ్బరినూనె వాసన పడనివాళ్లు ఉంటే ఆ సంగతి బోటు మాట్లాడుకున్న రోజే చెప్పాలి. సరుకులు ముందే కొని పెట్టుకుంటారు గనుక బోటెక్కాక చెబితే వంటమనిషి చేయగలిగింది ఉండదు.

చేపలమ్మే ఒడ్డున బోటు ఆపడం కూడా ఈ ప్రయాణంలో ఒక అంకం. ఐసు పెట్టెలో నీలకంఠ రొయ్యలు పరిచి ఉంటాయి, నీలిరంగు కాళ్లు ఒక్కొక్కటి మూరెడు పొడవున కనిపించి పట్నం నుంచి వచ్చినవాళ్లకు నోరూరుతుంది. నెల్లూరులో రొయ్యల చెరువులు చేసిన మా బావ ఒకదాన్ని తీసి తిప్పి చూసి, కౌంటెంత, అంటే కిలోకు ఎన్ని తూగుతాయి అని అడిగాడు. అమ్మే మనిషికి ఆ లెక్కే లేదు, విడిగా ఒక్కో రొయ్యను కాటాలో పెట్టి ధర చెబుతున్నాడు. తలా, ఆ పొడవాటి కాళ్లూ తీసేస్తే చేతిలో మిగిలే కండ సగం కూడా ఉండదని, మనం తూకం వేయించుకుంటున్నది ఎక్కువగా డొల్లనేనని బావ లెక్క కట్టి చెప్పాక అందరం మర్యాదగా వెనక్కు వచ్చేశాం. కొన్న చేపను వండినందుకు అక్కడే వేరే డబ్బు అడిగేవాళ్లూ ఉన్నారు. మేమిప్పుడు బోటెక్కే రోజు ఉదయం అలెప్పీ మార్కెట్లోనే చేపలు కొని, వండి పెట్టడానికి ఎంతో ముందే మాట్లాడుకుని వంటమనిషి చేతికి ఇస్తున్నాం.

ఇన్ని చికాకులున్నా ప్రతిసారీ వెళ్తున్నది ఆ నీళ్ల కోసమే. అలెప్పీ చుట్టుపక్కల ఉన్న కుట్టనాడు ప్రాంతంలో వరి పండే నేల సముద్రమట్టానికి కిందుగా ఉంటుంది. బోటులో కూర్చుని గట్టు మీదుగా చూస్తే కాలువ నీరు ఎత్తున, చేను పల్లంలో కనిపిస్తుంది. పంట కాలువ ఎత్తుపల్లాల మీద పుట్టి పెరిగిన మా నాన్నగారు మొదటిసారి అది చూసి, నీళ్లు బయటికి తోడుతూ సేద్యం చేయడమేమిటని బోటు నడిపే సరంగును గుచ్చిగుచ్చి అడిగారు. 2013లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఈ సేద్యాన్ని ప్రపంచ వారసత్వ వ్యవసాయ పద్ధతుల్లో ఒకటిగా గుర్తించింది. మరోవైపు గుర్రపుడెక్క బెడద ఏడాదికేడాది పెరుగుతోంది. ఉప్పునీరు చేలకు రాకుండా తన్నీర్ముక్కం ఆనకట్ట తలుపులు డిసెంబరు నుంచి వేసవి దాకా మూసి ఉంచుతారు. ఉప్పు తగలకపోతే ఈ కలుపు చావదు. ఒక ప్రయాణంలో అది ఇంజను రెక్కకు చుట్టుకుని బోటు ఆగిపోతే, లస్కరు, అంటే సరంగుకు సాయంగా ఉండే కుర్రాడు, కత్తితో నీళ్లలోకి దిగి, ఊపిరి బిగబట్టి మునుగుతూ లేస్తూ పీచులు పీచులుగా కోసి తీశాడు. బోట్లలోని మురుగును సరస్సులోకే వదిలే యజమానులు ఇంకా ఉన్నారు గనుక మరుగుదొడ్ల ట్యాంకు గురించి కూడా అడగడం మంచిది. కేరళ పర్యాటక శాఖ ఇచ్చే గోల్డ్ స్టార్, సిల్వర్ స్టార్ వర్గీకరణ, పరిసరాల శుభ్రతకు ఇచ్చే గ్రీన్ పామ్ ధ్రువపత్రం ఉన్న బోట్లు ఈ విషయంలో కొంత నమ్మదగినవి.

క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా బాడుగ మామూలు రోజులకు రెట్టింపు దాకా అడుగుతారు, పైగా రేవు నుంచి బోటు బయటపడేసరికే గంట పడుతుంది. జూన్, జూలైలలో చవక, వాన మాత్రం పగలంతా కూర్చోనివ్వదు. బడులకు సెలవు దొరికితే ఫిబ్రవరి మొదటి వారాలు మాకు బాగా నచ్చాయి.

డబ్బు విషయానికి వస్తే, ఒక ఏజెంటు మాకు ఒక బోటు ఫొటోలు పంపి, రేవుకు వెళ్లాక అది మరమ్మతులో ఉందంటూ పాతబడిన వేరే బోటు ఎక్కించాడు. అప్పటి నుంచి బోటు పేరు, నంబరు, గదుల సంఖ్య, ఏసీ వేళలు, కట్టే చోటు, భోజనంలో ఏమేమి పెడతారో వాట్సాప్‌లో రాయించుకుని, సగం కంటే తక్కువే బయానా ఇచ్చి, మిగతాది బోటు చూశాక ఇస్తున్నాం. ఆ ఒక్క కాగితం లాంటి సందేశం రేవులో ఎంత వాదననైనా తగ్గిస్తుంది.

సిబ్బంది సంగతి చివరికి చెబుతున్నా, నా లెక్కలో మొదటిది అదే. ఒకే బోటు రెండేళ్ల తేడాతో ఎక్కితే ఒకసారి స్వర్గంలాగా, మరోసారి శిక్షలాగా అనిపించడానికి కారణం సరంగు మారడమే. మంచి సరంగు మిగతా బోట్లు మళ్లే మలుపు దగ్గర మళ్లకుండా ఇంకాస్త లోపలికి తీసుకువెళ్తాడు, గాలి వాటం చూసి సరస్సు మధ్యకు పోకుండా గట్టు వెంటే నడుపుతాడు, కట్టే చోటును మూడు గంటలకే ఫోనులో ఖాయం చేసుకుంటాడు. మనం ఇచ్చే బాడుగలో ఏజెంటు కమీషను, యజమాని వాటా పోగా ఇలాంటివాళ్ల చేతికి వచ్చేది స్వల్పం గనుక దిగేటప్పుడు సరంగుకు, వంటమనిషికి, లస్కరుకు ఎవరిది వాళ్ల చేతికే ఇస్తాం. ఈ సరంగులు ఒక యజమాని దగ్గరే ఉండిపోరు, ఏడాదికో బోటు మారుతుంటారు. కొంతకాలంగా మేము బోట్ల కోసం వెతకడం మానేశాం. మాకు కుదిరిన సరంగుకు ఫోను చేసి, అనుకున్న తేదీల్లో అతను ఏ బోటు మీద ఉంటాడో కనుక్కుని, దాని పత్రాలు తెప్పించుకుని, ఆ యజమానితోనే బేరం మాట్లాడుతున్నాం.