జీడిపిక్కల లెక్కల్లో ఇజ్‌నంబర్: ఏళ్ల తరబడి వాడాక

పర్లాకిమిడిలో జీడిపిక్కలు కొనే షాపులో లెక్కలు చూస్తాను. కాశీనగర్ నుంచి ఒకరు, బోర్డర్ అవతల పాతపట్నం నుంచి ఒకరు తూకాలు కొట్టి షీట్లు పంపుతారు. గడిలో ఉన్నది అంకేనా, టెక్స్టా (అక్షరాలా), లేక గడి ఖాళీయా అని చూసి ట్రూ (అవును) లేదా ఫాల్స్ (కాదు) అని చెప్పే ఫార్ములాలు ఎక్సెల్‌లో ఉన్నాయి: ఇజ్‌నంబర్, ఇజ్‌టెక్స్ట్, ఇజ్‌బ్లాంక్. అవి నాకు పనికొచ్చేది ఆ షీట్ల మీదే.

తూకం గడిలో 80 అని ఉండాల్సిన చోట "80 కేజీలు" అని ఉంటుంది. "కేజీలని రాయకపోతే బస్తాలనుకుంటారేమోనండి" అంటాడు పాతపట్నం కుర్రాడు. ఆయన బాధ ఆయనది. మొత్తం కూడే సమ్ ఫార్ములా మాత్రం ఆ గడిని లెక్కలోకే తీసుకోదు, ఎర్రరూ చూపించదు. ఇంకో తిరకాసుంది. ఎక్సెల్ దృష్టిలో టెక్స్ట్ ఏ అంకె కన్నా అయినా పెద్దదే. "80 కేజీలు" 100 కన్నా ఎక్కువా అని అడిగితే ట్రూ అంటుంది! అందుకే పక్క కాలమ్‌లో ఇజ్‌నంబర్ పెట్టి, ఫాల్స్ వచ్చిన చోట ఎర్రరంగు పడేలా చేశాను. తొందరగా ఉంటే కౌంటా (ఖాళీ కాని గడులెన్నో చెప్పేది) లోంచి కౌంట్ (అంకెలున్న గడులెన్నో చెప్పేది) తీసేస్తే చాలు, అంకెలు కానివి ఎన్నో తేలిపోతాయి.

బ్యాంకు ఖాతా నంబర్లకి లెక్క తిరగబడుతుంది. ఎక్సెల్ అంకెగా 15 స్థానాల వరకే నిలుపుకుంటుంది, ఆపైన సున్నాలు వేసేస్తుంది. మొదట్లో ఉన్న సున్నా కూడా ఎగిరిపోతుంది. కాబట్టి ఆ కాలమ్‌ను ముందే టెక్స్ట్‌గా మార్చి, ఇజ్‌టెక్స్ట్‌తో చూడాలి.

ఇజ్‌బ్లాంక్ మీద నాకు గురి లేదు. ఎవరైనా ఊరికే స్పేస్ కొట్టినా ఆ గడి ఖాళీ కాదంటుంది. ట్రిమ్‌తో అదనపు స్పేసులు తీసేసి, ఎన్ని అక్షరాలున్నాయో చెప్పే లెన్ సున్నా వచ్చిందా అని చూడటం నయం.

అసలు టెన్షన్ తేదీలతో. ఎక్సెల్‌కి తేదీ కూడా అంకే. 1900 జనవరి 1 అంటే 1. కంప్యూటర్ సెట్టింగ్ అమెరికా పద్ధతిలో ఉంటే, మే 13ని 13/05/2025 అని కొడితే టెక్స్ట్‌గా మిగిలి దొరికిపోతుంది. జూన్ 5ని 05/06/2025 అని కొడితే మే 6 అయి కూర్చుంటుంది, ఇజ్‌నంబర్ కూడా ట్రూ అనేస్తుంది. గూగుల్ షీట్స్‌లో తేదీ అవునా కాదా అని చూసే ఇజ్‌డేట్ కూడా ఇలాంటిది పట్టుకోలేదు. నెలను ఇంగ్లీషు మూడక్షరాల్లో కొట్టమన్నాక ఆ గొడవ తగ్గింది.

గడిలో ఏం కొట్టొచ్చో ముందే కట్టడి చేసే డేటా వాలిడేషన్ ఉండగా ఇవన్నీ ఎందుకని అడుగుతారు. టైప్ చేస్తే అది ఆపుతుంది, నిజమే. వాట్సాప్‌లో వచ్చింది కాపీ చేసి అతికిస్తే ఆపదు. మావాళ్లు టైప్ చేసేది తక్కువ, అతికించేదే ఎక్కువ.