డిస్క్ ఎర్రర్ వస్తే ముందు చెక్‌డిస్కా, స్మార్ట్ రీడింగా?

డిస్క్ ఎర్రర్ మెసేజ్ కనపడగానే చాలామంది చేసే మొదటి పని విండోస్‌లో ఉండే చెక్‌డిస్క్ (chkdsk) కమాండ్ రన్ చేయడం, నాకైతే అది రెండో పని అనిపిస్తుంది. ఎందుకంటే చెక్‌డిస్క్ ముఖ్యంగా చూసేది ఫైల్ సిస్టమ్‌ని, అంటే ఏ ఫైల్ ఎక్కడుందో రాసుకున్న లెక్కల్ని. కరెంటు పోయి సిస్టమ్ సడన్‌గా ఆగిపోయినప్పుడు ఆ లెక్కలు చెడితే స్లాష్ ఎఫ్ (/f) ఆప్షన్‌తో చక్కగా సరిచేస్తుంది. కానీ డ్రైవే చచ్చిపోతుంటే చెడిన సెక్టార్లు వెతికే స్లాష్ ఆర్ (/r) పెట్టి గంటల తరబడి డిస్కంతా చదివిస్తే, అసలే ఆయాసపడుతున్న దాన్ని పరిగెత్తించినట్టే, ఉన్న డేటా కూడా పోవచ్చు.

స్మార్ట్ (S.M.A.R.T.) అలా కాదు, డ్రైవ్ తన గురించి తనే రాసుకున్న రికార్డుని చదవడమే, నిమిషం పట్టదు. విండోస్‌లో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో, లినక్స్‌లో స్మార్ట్‌సీటీఎల్ చాలు. హార్డ్ డిస్క్ అయితే ఆ రికార్డులో 5, 197, 198 నంబర్ల (చెడిపోయిన, అనుమానంగా ఉన్న సెక్టార్ల లెక్క) రా విలువలు, అంటే అసలు సంఖ్యలు చూడండి, సున్నా ఉంటే మంచిది, రోజురోజుకీ పెరుగుతుంటే మాత్రం వేరే ఏం ముట్టుకోకుండా ముందు బ్యాకప్ తీసేయండి. 199 (డేటా పంపడంలో వచ్చిన తప్పుల లెక్క) ఒక్కటే పెరుగుతుంటే చాలాసార్లు తప్పు కేబుల్‌ది, డ్రైవ్ మార్చక్కర్లేదు. ఈ తేడా చెక్‌డిస్క్ ఎప్పటికీ చెప్పలేదు.

అలాగని స్మార్ట్‌లో గుడ్ అని వస్తే నిశ్చింతగా ఉండొద్దు, ఏ హెచ్చరికా లేకుండా పోయే డ్రైవులూ ఉన్నాయి, కొన్ని యూఎస్‌బీ ఎన్‌క్లోజర్లు (డ్రైవ్ పెట్టే బయటి డబ్బాలు) అసలు ఆ రీడింగ్ చూపించవు. స్మార్ట్ బాగుండి, బ్యాకప్ చేతిలో ఉన్నాక చెక్‌డిస్క్ హాయిగా రన్ చేసుకోండి.