బ్రాడీపేట లోకార్బ్ క్యారియర్: భోజనం తెప్పించుకోండి, డబ్బాలు వద్దనండి

గుంటూరు బ్రాడీపేటలో ఒక ఇంటి మేడ మీద నడిచే వంటగది గురించి రాస్తున్నాను. దానికి బోర్డు లేదు, పేరూ లేదు. ముందురోజు రాత్రి ఎనిమిదిలోపు ఫోను చేస్తే మర్నాడు మధ్యాహ్నం పన్నెండున్నరకల్లా స్టీలు క్యారియర్ ఇంటికి వస్తుంది. పిండిపదార్థాలు బాగా తగ్గించి (లోకార్బ్ అంటే అదే), మాంసకృత్తులు, అంటే ప్రొటీన్ పెంచి వండటం వాళ్ళ ప్రత్యేకత. కొన్ని నెలలుగా నేనూ మావారూ మధ్యాహ్నం అదే తింటున్నాం. నాకు 61 ఏళ్ళు, హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఆయనకు 66, చాలాకాలంగా షుగరు ఉంది. వాళ్ళ వంట మీద నాకు నిజమైన గౌరవం కలిగింది. ఆ వంటతోపాటు అమ్మే పొడుల, గుళికల డబ్బాల మీద అంతే కోపం వచ్చింది.

ముందు వంట సంగతి. మన ఇళ్ళలో అన్నం మానేయాలనుకున్నవాళ్ళు నాలుగు రోజుల్లోనే విసిగిపోవటానికి కారణం మనసు నిలవకపోవటం ఒక్కటే కాదు. మన కూరలన్నీ అన్నం కోసం పుట్టినవి. గోంగూర పచ్చడిలో ఉప్పు, చేపల పులుసులో కారం, చారులో చింతపండు, అన్నీ పళ్ళెంలో సగానికి పైగా అన్నం ఉంటుందన్న లెక్కతో వేసేవే. అన్నం తీసేసి అదే పులుసు గిన్నెలో పోసుకుని తాగితే నోరూ కడుపూ రెండూ మండుతాయి. ఈ వంటగది నడిపే ఆవిడ ఆ కిటుకు పట్టుకుంది. పులుసులను ఇగుర్లుగా మార్చింది. ఉప్పూ కారమూ సగానికి సగం తగ్గించి, ఆ లోటును అల్లం, మిరియాలు, కొత్తిమీర, వేయించిన నువ్వులతో పూడ్చింది. కోడికూర వట్టిగా తినగలిగేలా ఉంటుంది. అయినా కూర చప్పగా ఉందని ఒక్కసారి కూడా అనిపించలేదు.

కాలీఫ్లవర్ తురుమును అన్నం బదులు పెట్టటం ఇప్పుడు చాలాచోట్ల చేస్తున్నారు. ఎక్కువమంది దాన్ని ఆవిరి మీద ఉడికిస్తారు, అప్పుడు అది నీళ్ళోడుతూ ఒక రకమైన వాసన వేస్తుంది. ఇక్కడ తురుమును వట్టి బాణలిలో తడి ఆరేదాకా వేయించి, ఆ తరువాతే నేతిలో జీలకర్ర, ఇంగువ పోపు పెడతారు. మెతుకు మెతుకుగా విడిగా ఉంటుంది. అన్నం అని భ్రమ పడనక్కరలేదు, మంచి కూర అనుకుని తినవచ్చు. దొండకాయ వేపుడు, బీరకాయ గుడ్డు పొరటు, పాలకూర పనీరు, మెంతికూర కోడి వారంలో మారుతూ వస్తాయి. శుక్రవారం చేప. నిజాంపట్నం వైపునుంచి కవళ్ళు వస్తే అవి, లేకపోతే కొరమీను. ఆదివారం గోంగూర మాంసం. దాని గురించి ఎక్కువ రాయను, గుంటూరు వాళ్ళకు చెప్పేదేముంది!

ప్రతి క్యారియర్ మూతకు ఒక చీటీ అంటించి ఉంటుంది: ఇంత పిండిపదార్థం, ఇంత ప్రొటీన్, ఇంత కొవ్వు. చీటీ చూసి నమ్మే అలవాటు నాకు లేదు. వంటింటి త్రాసు మీద గిన్నెలు తూచి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పోషక విలువల పట్టికలు ముందు పెట్టుకుని చాలాసార్లు లెక్క కట్టాను. వండినదాన్ని ఇంట్లో కచ్చితంగా లెక్కించలేం గానీ, మాంసం, గుడ్లు, కూరల భోజనాల్లో వాళ్ళ అంకెలు నా అంకెలకు దగ్గరగానే వచ్చాయి. మామూలు భోజనంలో పిండిపదార్థం 25 గ్రాముల లోపు, ప్రొటీన్ 30 గ్రాముల పైన. పోల్చుకోవటానికి ఒక లెక్క: 250 గ్రాముల వండిన అన్నంలో పిండిపదార్థమే దాదాపు 70 గ్రాములు. మనలో చాలామంది మధ్యాహ్నం తినేది అంతకు తక్కువ ఉండదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎమ్మార్) దేశమంతటా జరిపిన సర్వేలో మన శక్తిలో 62 శాతం పిండిపదార్థాలనుంచే వస్తోందని తేలింది. అందుకే ఒక్క పూట అన్నం తగ్గించినా ఒంటికి తేడా తెలుస్తుంది.

చీటీ తప్పిన చోట్లు కూడా ఉన్నాయి. ‘కొర్రల బిర్యానీ’ని వీళ్ళు లోకార్బ్ జాబితాలో పెట్టారు. కొర్రలు మంచివే, పీచు ఉంటుంది. కానీ 100 గ్రాముల ఎండు కొర్రల్లో పిండిపదార్థం 60 గ్రాములకు పైనే, బియ్యంలో 78 దాకా. ఈ తేడా కోసం చిరుధాన్యాన్ని లోకార్బ్ అనటం తగదు. పళ్ళెం నిండా తింటే అన్నం తిన్నట్టే. ‘చక్కెర లేని లడ్డూ’ కూడా అంతే. అందులో చక్కెర లేదు నిజమే, ఖర్జూరం ఉంది. ఖర్జూరంలో నూటికి 75 పాళ్ళు పిండిపదార్థమే, అందులో ఎక్కువ భాగం చక్కెరలే. షుగరున్న మనిషి ఆ పేరు చూసి రెండు తింటే బాధ్యత ఎవరిది? పెసరట్టు మీదా నాకు ఇదే అభ్యంతరం. పెసలు పప్పుధాన్యం, ప్రొటీన్ ఉంటుంది, అయినా దాదాపు సగం పిండిపదార్థమే. ఒకటి తినండి, కానీ లెక్కలో వేసుకోండి. చక్కెర బదులు ఎరిత్రిటాల్ అనే తీపి పదార్థం వేసిన పాయసం మాత్రం రక్తంలో చక్కెర పెంచదు. నాలుక మీద పిప్పరమెంటులా చల్లగా తగులుతుంది, అది నాకు నచ్చలేదు. బాదంపిండి రొట్టె పొడిపొడిగా రాలిపోతుంది, దానికి పెట్టే డబ్బుతో ఇంకో రెండు గుడ్లు అడగటం మేలు.

ఇక మందుల విషయం. ఇది చదువుతున్నవాళ్ళలో షుగరు మాత్రలు వేసుకునేవాళ్ళు ఉంటే మిగిలినదంతా వదిలేసినా ఇది చదవండి. ఈ వంటగదిలో ఆర్డరు తీసుకునేటప్పుడు కారం ఎంత, నెయ్యి ఎంత అని అడిగారు. ఏ మందులు వాడుతున్నారని ఒక్క మాట అడగలేదు. గ్లిమెపిరైడ్ వంటి మాత్రలో, ఇన్సులినో తీసుకుంటూ ఉన్నట్టుండి అన్నం మానేస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలు వేసుకునేవాళ్ళు పిండిపదార్థాలు మరీ తగ్గిస్తే చక్కెర పెద్దగా పెరగకుండానే రక్తంలో ఆమ్లాలు చేరి ఆసుపత్రి పాలయ్యే ప్రమాదం ఉంది. మావారి విషయంలో మొదటి క్యారియర్ రాకముందే డాక్టరుగారి దగ్గరకు వెళ్ళాం. ఆయన గ్లిమెపిరైడ్ మోతాదు సగం చేసి, మొదట్లో రోజూ పరీక్ష చేసుకోమన్నారు. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళకు ప్రొటీన్ పెంచటమే మంచిది కాకపోవచ్చు. వాళ్ళూ ముందు డాక్టరునే అడగాలి.

బరువు సంగతి అందరూ అడుగుతారు గనక చెబుతాను. నేను 74 కిలోలనుంచి 68కి వచ్చాను. మొదటి వారంలో చకచకా తగ్గినదాంట్లో చాలావరకు నీరే. ఒంట్లో దాచుకున్న గ్లైకోజెన్ అనే పిండిపదార్థం ఖర్చయ్యేటప్పుడు దానితో ఉన్న నీరూ పోతుంది. ఆ వారం తలనొప్పి వస్తే భయపడకుండా మజ్జిగలో కాస్త ఉప్పు వేసుకుని తాగండి, రక్తపోటు లేకపోతేనే సుమా. తరువాత తగ్గుదల నెమ్మదిస్తుంది. అన్నం మానటంలో మంత్రమేమీ లేదు. 2018లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ వాళ్ళు 609 మంది మీద ఏడాదిపాటు జరిపిన అధ్యయనంలో పిండిపదార్థాలు తగ్గించినవాళ్ళు సగటున 6 కిలోలు, కొవ్వు తగ్గించినవాళ్ళు 5.3 కిలోలు తగ్గారు. చెప్పుకోదగ్గ తేడా కాదు. ఏది ఏడాది పొడవునా విసుగు లేకుండా తినగలమో అదే మనకు పనికొచ్చేది. నా వరకు ఇది అలా కుదిరింది, ఎందుకంటే ఆకలి వేయటం లేదు. రాత్రికి ఒక పుల్కా, పప్పు, పెరుగు తింటాను, పిండిపదార్థాలు పూర్తిగా వదలలేదు.

నా వయసులో బరువు కంటే ముఖ్యమైనది కండ. ముప్ఫై దాటాక పదేళ్ళకోసారి 3 నుంచి 8 శాతం కండ కరుగుతుంది, అరవై దాటాక ఇంకా వేగంగా. బరువు తగ్గించుకునే తొందరలో కండ కూడా పోగొట్టుకుంటే మెట్లెక్కటానికి మోకాలు కాదు, తొడే సహకరించదు. మన పోషకాహార సంస్థ పెద్దవాళ్ళకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ అంటుంది. వృద్ధుల వైద్య నిపుణులు చాలామంది వయసు మళ్ళినవాళ్ళకు 1 నుంచి 1.2 గ్రాములు కావాలంటారు. అంటే నాకు 68 నుంచి 82 గ్రాములు. ఈ క్యారియర్ ఒక్క పూటే అందులో సగానికి దగ్గరగా ఇస్తోంది. దానితోపాటు కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవటం, నీళ్ళ సీసాలు ఎత్తటం రోజూ చేస్తాను. ఆ బరువులు ఎత్తకుండా వట్టి ప్రొటీన్ తిని కండ పెరగాలంటే కుదరదు.

ఇప్పుడు డబ్బాలు. రెండో నెల ఆర్డరు చేసినప్పుడు ఆవిడ, “టీచరుగారూ, భోజనంతోపాటు మా కిట్ కూడా వాడితే ఫలితం రెట్టింపు” అంది. 6,500 రూపాయలు. అందులో ప్రొటీన్ పొడి, మల్టీవిటమిన్లు, చేపనూనె గుళికలు, ‘కొవ్వు కరిగించే’ గుళికలు, ‘వయసు కనపడనివ్వని’ కొలాజెన్ పొడి. ఎవరో డీలరు పెట్టిన సరుకు, ఆవిడకు కమీషను. కొనలేదు, కానీ ఒక్కో డబ్బా వెనుక రాసినదంతా అక్కడే కూర్చుని చదివాను.

ప్రొటీన్ పొడిలో 30 గ్రాముల చెంచాకు ప్రొటీన్ 15 గ్రాములే. పదార్థాల జాబితాలో రెండోది మాల్టోడెక్స్‌ట్రిన్. అదేమిటి? పిండిపదార్థం. పొద్దున అన్నం వద్దని చెప్పిన చోటే సాయంత్రం పిండిపదార్థాన్ని కిలోల లెక్కన అమ్ముతున్నారు! మంచి పాలవిరుగుడు పొడి, అంటే వే ప్రొటీన్ అయితే 30 గ్రాములకు 22 నుంచి 25 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. శాకాహారులై, పాలు, పెరుగు, పప్పు, పనీరు సరిపడా తినలేని పెద్దవాళ్ళకు అలాంటిది ఉపయోగమే. కొనేటప్పుడు కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 14 అంకెల లైసెన్సు నంబరు, చెంచాకు ఎంత ప్రొటీన్, రెండో పదార్థం ఏమిటి అని మూడూ చూడండి. గుడ్డు తినేవాళ్ళకు ఈ పొడి అవసరం లేదు. ఒక్కో గుడ్డులో 6 గ్రాముల ప్రొటీన్ ఏ కల్తీ లేకుండా వస్తుంది.

కొవ్వు కరిగించే గుళికల్లో ఉన్నది గార్సీనియా సారం. కేరళవాళ్ళు చేపల కూరలో వేసుకునే కుడంపులి కాయ అది. కూరలో వేసుకుంటే పులుపు, సారం తీసి గుళికల్లో నింపితే కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్యపత్రికల్లో ఉన్నాయి. బరువు తగ్గిస్తుందనటానికి గట్టి ఆధారం లేదు. ఈ ఒక్క డబ్బా మాత్రం నేను ఎవరినీ ముట్టుకోనివ్వను. కొలాజెన్ కడుపులోకి వెళ్ళి మిగిలిన ప్రొటీన్లలాగే ముక్కలవుతుంది, ఒంటికి తప్పనిసరి అయిన ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం అసలే లేని అసంపూర్ణ ప్రొటీన్ అది. చేపనూనె గుళికలో 1000 మిల్లీగ్రాములని పెద్దక్షరాలతో ఉంటుంది, వెనుక చిన్నక్షరాల్లో చూస్తే పనికొచ్చే ఒమేగా-3 కొవ్వులు 300 మిల్లీగ్రాములే. అమెరికాలో యాభై దాటిన 25,871 మందికి అయిదేళ్ళకు పైగా ఒమేగా-3, విటమిన్ డి ఇచ్చి చూసిన అధ్యయనం ఫలితాలు 2018లో వచ్చాయి. మొత్తం మీద క్యాన్సరూ తగ్గలేదు, పెద్ద గుండెజబ్బులూ తగ్గలేదు. ఒమేగా-3 కవళ్ళలోనూ ఉంటుంది, ఆ డబ్బుతో శుక్రవారం అవి ఇంకో గిన్నె తెప్పించుకోవచ్చు.

విటమిన్లన్నీ దండగ అనటం లేదు. లోపం ఉంటే తప్పకుండా వాడాలి. మెట్‌ఫార్మిన్ అనే షుగరు మాత్ర ఏళ్ళ తరబడి వేసుకునేవాళ్ళకు బి12 తగ్గుతుంది. మావారికి పరీక్షలో తక్కువని తేలి డాక్టరుగారు మాత్రలు రాశారు, కాళ్ళ తిమ్మిర్లు తగ్గాయి. విటమిన్ డి కూడా పరీక్షను బట్టే. కొవ్వులో కరిగే విటమిన్లు ఒంట్లో పేరుకుంటాయి. 60,000 యూనిట్ల విటమిన్ డి పొడి వారానికొకటి చొప్పున రాసిన గడువు దాటి కూడా నెలల తరబడి వేసుకునేవాళ్ళను చూశాను. అది ప్రమాదం.

మన ప్రాంతంలో ఈ పద్ధతి ఊపందుకున్నది పిండిపదార్థాలు మానేసి కొవ్వు పెంచే తిండిని ప్రచారం చేసిన వీరమాచనేని రామకృష్ణగారి సభల కాలంనుంచి. ఆ పద్ధతి పాటించి చక్కెర తగ్గినవాళ్ళూ, మందులు తామే ఆపేసి ఇబ్బంది పడ్డవాళ్ళూ, ఇద్దరూ నాకు తెలుసు. అందుకే వండి పెట్టేవాళ్ళ మీద బాధ్యత ఎక్కువ అంటున్నాను. ఈ ఆవిడకు అన్నం లేకుండా తెలుగు భోజనం వండటం వచ్చు. అది మామూలు విద్య కాదు. ఆ చేతికి డీలరు డబ్బాల అవసరం లేదని ఆవిడతోనే చెప్పాను. ఆర్డరు చీటీలో మందుల గురించి ఒక గడి పెట్టమని కూడా అడిగాను. “చూస్తానండీ” అంది, ఇది రాసేనాటికి పెట్టలేదు.

తెప్పించుకోవాలనుకునేవాళ్ళకు: మామూలు భోజనం 190 రూపాయలు, మాంసం ఉన్నరోజు 280. సోమవారం సెలవు. గుడ్డు తినని శాకాహారులు ముందే చెబితే పనీరు, మీల్‌మేకరుతో చేసిస్తారు, కానీ ఆ భోజనంలో ప్రొటీన్ చీటీ చెప్పినదానికన్నా తక్కువే వచ్చింది, ఒక కప్పు పెరుగు కలుపుకోండి. నెయ్యి తగ్గించమని అడగండి, ఎల్‌డీఎల్ అనే చెడు కొలెస్ట్రాల్ ఎక్కువున్నవాళ్ళయితే తప్పకుండా అడగండి, మూడు నెలలకు ఒకసారి పరీక్ష చేయించుకోండి. అవిసె గింజల కారప్పొడి విడిగా అమ్ముతారు, మలబద్ధకానికి బాగా పనిచేసింది. అయితే అందులో మాత్రం ఉప్పు ఇంకా అన్నంలో కలుపుకునే లెక్కలోనే ఉంది, సగం చెంచా చాలు.