టట్‌వైలర్ స్టేషన్ నుంచి నాష్‌విల్ చర్చి దాకా: స్టీల్ గిటార్ వెంట మా నాలుగు రోజులు

ఈ ట్రిప్ వేసుకునేవాళ్లకు ముందే ఒక మాట. మిగతా ఏది మార్చుకున్నా, ఆదివారం ఉదయం మాత్రం టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్‌లో, చర్చి ఆరాధనకు అందేలా చూసుకోండి. హోటళ్లు, మ్యూజియాలు, తిండి అన్నీ దాని చుట్టూ సర్దుకోవచ్చు. మేము మొదట శనివారం రాత్రికే అట్లాంటా తిరిగొచ్చేలా ప్లాన్ వేశాం. చివరి నిమిషంలో మార్చుకోకపోయి ఉంటే అసలు వినాల్సింది వినకుండానే వచ్చేసేవాళ్లం.

నేను గుంటూరులో లూథరన్ చర్చిలో పెరిగాను. అమ్మ హార్మోనియం వాయించేది. పురుషోత్తమ చౌధురి కీర్తన ఎత్తుకున్నప్పుడు పాట ఎక్కడ ఆగి ఊపిరి తీసుకుంటే అమ్మ వేళ్లు కూడా అక్కడే ఆగేవి. వాద్యం మనిషి గొంతును అలా అంటిపెట్టుకుని వెళ్లడం నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. అందుకే అమెరికాలో నల్లజాతివారి చర్చిల్లో పెడల్ స్టీల్ గిటార్ వాయిస్తారని తెలిసిన రోజు నుంచి స్వయంగా వెళ్లి వినాలని ఉండేది.

చూడనివాళ్ల కోసం చెప్తాను. ఇది ఒళ్లో పెట్టుకునే గిటార్ కాదు. కాళ్లున్న బల్లలా ఉంటుంది, మీద సాధారణంగా పది తీగలు. ఎడమ చేతిలో నున్నటి ఉక్కు కడ్డీని తీగల మీద జరుపుతారు, కుడి చేత్తో మీటుతారు. పాదాలతో పెడళ్లు నొక్కినా, మోకాళ్లతో లీవర్లు తోసినా, మీటిన తీగ మోగుతుండగానే దాని శ్రుతి పైకో కిందికో జారుతుంది. కొయ్య ముక్కను తీగల మీద జరిపే మన గోటువాద్యం విన్నవాళ్లకు ఆ జారుడు కొత్తగా అనిపించదు.

మొదటి మజిలీ మిసిసిపీలోని క్లార్క్స్‌డేల్. అట్లాంటా నుంచి కార్లో ఆరు గంటల పైనే పట్టింది. అక్కడికి వెళ్లడానికి కారణం పక్కనే ఉన్న టట్‌వైలర్ అనే చిన్న ఊరు. 1903 ప్రాంతంలో డబ్ల్యూ.సి. హ్యాండీ అనే సంగీతకారుడు ఆ రైల్వేస్టేషన్‌లో రైలు కోసం ఎదురుచూస్తుండగా, ఒక నల్లజాతి మనిషి గిటార్ తీగల మీద కత్తి ఆనించి జరుపుతూ పాడటం విన్నాడట. హవాయి గిటారిస్టులు వాయించే తీరు అది అని తర్వాత తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఇప్పుడక్కడ స్టేషన్ లేదు. పట్టాల పక్కన గోడ మీద బొమ్మలు, ఒక ఫలకం ఉన్నాయంతే. ఇరవై నిమిషాల్లో చూసేయవచ్చు. నేను మాత్రం గంట సేపు కూర్చున్నాను.

టట్‌వైలర్‌లో హ్యాండీ విన్నలాంటి నల్లజాతివారి పాటనే బ్లూస్ అంటారు. క్లార్క్స్‌డేల్‌లో డెల్టా బ్లూస్ మ్యూజియం పాత రైల్వే గూడ్స్ డిపోలో ఉంది. బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ ఒకప్పుడు నివసించిన చెక్క ఇంటిని తెచ్చి లోపల నిలబెట్టారు. రెండు గంటలు సరిపోతాయి, సిబ్బంది ఓపిగ్గా చెప్తారు. బసకు ఊరి బయట పాత పత్తి తోటలో కౌలు కూలీల గుడిసెలనే గదులుగా మార్చిన చోటు ఉంది, చాలామంది సిఫారసు చేస్తారు. మావారికి అక్కడ ఉండాలని ఉంది కానీ నాకు మనసొప్పలేదు. పొద్దస్తమానం పత్తి ఏరి అప్పులు తీరక అల్లాడినవాళ్ల ఇళ్లలో సెలవులకు పడుకోలేను అన్నాను. హైవే పక్కన మామూలు మోటల్‌లో దిగాం. గది శుభ్రంగా ఉంది, పొద్దున కాఫీ బాగుంది, మాకు అంతే చాలు.

నాష్‌విల్ బస గురించి అలా చెప్పలేను. సంగీతం వినిపించే బార్ల వీధి బ్రాడ్‌వేకి నడిచి వెళ్లేంత దగ్గరని ఒక పెద్ద హోటల్ తీసుకున్నాం. బుకింగ్‌లో కనిపించిన అద్దెకు తోడు పార్కింగ్‌కు రాత్రికి 50 డాలర్ల పైన, పైగా ఏవో సౌకర్యాల ఫీజు. కింద వీధిలో రాత్రి రెండింటి దాకా హోరు, పిల్లాడు నిద్రపోలేదు. పిల్లలతో వెళ్లేవాళ్లు ఊరి అంచున దిగి, పొద్దున డౌన్‌టౌన్‌కి రావడం మేలు. బ్రాడ్‌వే బార్లలో చాలాచోట్ల ప్రవేశానికి టికెట్ ఉండదు, వాయించేవాళ్లకు టిప్ వేయాలి. తప్పకుండా వేయండి, వాళ్ల బతుకుతెరువు చాలావరకు అదే. అమెరికా పల్లె పాటల నుంచి పుట్టిన కంట్రీ సంగీతంలో పెడల్ స్టీల్ మోత 1954లో బడ్ ఐజక్స్ వాయింపుతో మొదలై ఈ ఊరి గుర్తుగా మారింది. మధ్యాహ్నం పూట ఒక బార్‌లో తెల్లగడ్డం పెద్దాయన వాయిస్తుంటే అరగంట కదల్లేదు. తియ్యగా, నింపాదిగా ఉంది. కానీ నేను వెతుక్కుంటూ వచ్చింది అది కాదు.

ఆ వీధిలోనే 2021లో తెరిచిన నేషనల్ మ్యూజియం ఆఫ్ ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజిక్ ఉంది. ఒక్క మ్యూజియమే చూసే టైమ్ ఉంటే ఇదే చూడండి. బ్లూస్‌కు వేరు, ఆధ్యాత్మిక గీతాలకూ, గాస్పెల్ అనే చర్చి పాటలకూ వేరు గదులున్నాయి. గాయక బృందంతో కలిసి పాడే చోట మా బాబు మూడుసార్లు పాడాడు.

ఇక ఆదివారం. మేరీ లెనా లూయిస్ టేట్ అనే నల్లజాతి స్త్రీ 1903లో బోధించడం మొదలుపెట్టింది. అనుచరులు ఆమెను మదర్ టేట్ అని పిలుచుకున్నారు. స్త్రీలు ప్రసంగ వేదిక ఎక్కడమే అరుదైన రోజుల్లో ఆమె ఒక చర్చినే స్థాపించింది. 1930లో ఆమె చనిపోయాక అది మూడు శాఖలైంది. అందులో 'హౌస్ ఆఫ్ గాడ్, కీత్ డొమినియన్' అనే శాఖ కేంద్రం నాష్‌విల్‌లోనే ఉంది. 1930ల్లో ఫిలడెల్ఫియాలో ట్రోమన్ ఈసన్ అనే యువకుడు హవాయి వాద్యకారుడి దగ్గర స్టీల్ గిటార్ నేర్చుకుని ఈ చర్చిలోకి తెచ్చాడు. తమ్ముడు విల్లీ అన్నను చూసి నేర్చుకుని, ఒకే తీగ మీద పాటగాడి గొంతును పలికించాడు. జనం దాన్ని మాట్లాడే గిటార్ అన్నారు. పెడళ్లు తర్వాతి తరం తెచ్చింది. డెట్రాయిట్‌లో కాల్విన్ కుక్, రాచెస్టర్‌లో చక్ క్యాంప్‌బెల్ దాన్ని ఎక్కడికో తీసుకెళ్లారు. ఇదంతా చాలా ఏళ్లు బయటి ప్రపంచానికి తెలియదు. 1990ల్లో రాబర్ట్ స్టోన్ అనే జానపద పరిశోధకుడు ఫ్లోరిడాలో రికార్డు చేయడం మొదలుపెట్టాక తెలిసింది. న్యూజెర్సీ చర్చిలో పెరిగిన రాబర్ట్ రాండాల్ఫ్ దాన్ని క్లబ్బులకు, పెద్ద పెద్ద స్టేజీల మీదికి తీసుకెళ్లాడు. చర్చి సంగీతం బయట వాయించడం సంఘ పెద్దల్లో కొందరికి నచ్చలేదు. ఆ బాధ నాకు అర్థమవుతుంది. రాండాల్ఫ్ వల్లే నాకు ఈ సంగీతం తెలిసింది, అదీ నిజమే.

వెళ్లే ముందు నాష్‌విల్‌లోని ఆ శాఖ చర్చికి ఫోన్ చేశాను. ఎత్తిన పెద్దావిడ మా ఊరూ పేరూ అడిగి, "మీ ఇల్లే అనుకుని రండమ్మా" అన్నారు. లోపల యాభై మంది దాకా ఉన్నారేమో. స్టీల్ వాయించే అబ్బాయికి ఇరవై ఏళ్లు ఉంటాయి. ప్రసంగం నడుస్తున్నంతసేపూ చూపు పాస్టరు గారి మీదే. ఆయన గొంతు పెంచితే కడ్డీ పైకి జరిగేది, ఆగితే తీగ కింద మూలిగేది. కానుకలకు అందరూ వరుసగా నడుస్తూ వెళ్లారు, ఆ నడకకు వేగం గిటారే ఇచ్చింది. తర్వాత ఆత్మావేశంలో జనం లేచి నాట్యం చేస్తుంటే, డ్రమ్స్ మీద స్టీల్ అరిచింది, ఏడ్చింది, ఆపకుండా ఇరవై నిమిషాలు. వాళ్లు అలసి కూర్చునేదాకా ఆ అబ్బాయి చెయ్యి తీయలేదు. ముందు రోజు బార్‌లో విన్న వాద్యమే ఇది. అక్కడ అది పాటను అలంకరించింది. ఇక్కడ సంఘంతో కలిసి ప్రార్థన చేసింది. నాకు కన్నీళ్లు ఆగలేదు, పక్క సీటావిడ చేతికి టిష్యూ ఇచ్చారు.

వెళ్తే మర్యాదగా బట్టలు వేసుకోండి. అడగకుండా వీడియో తీయొద్దు, మేము ఫోన్లు కార్లోనే వదిలేశాం. కానుకకు కొంచెం చిల్లర నగదు ఉంచుకోండి. మధ్యలో లేచి రావద్దు. ఆరాధన ఒంటిగంట దాటింది, ఆ తర్వాత భోజనానికి కూడా కూర్చోబెట్టారు. అట్లాంటా నాలుగు గంటలు, టైమ్ జోన్ వల్ల ఇంకో గంట పోతుంది. సోమవారానికి ముందే సెలవు పెట్టుకోండి.