పడమటికి వెళ్తే రోజుకు 25 గంటలు: అట్లాంటిక్ మీద 41 రాత్రుల తర్వాత

నేనూ మా ఆవిడా రెండేళ్లలో మూడుసార్లు అట్లాంటిక్ మహాసముద్రాన్ని ఓడలో దాటాం. 2022 నవంబరులో బార్సిలోనా నుంచి ఫ్లోరిడాకు, 2023 ఏప్రిల్‌లో అక్కడి నుంచి తిరిగి బార్సిలోనాకు, 2024 నవంబరులో మళ్లీ ఫ్లోరిడాకు. లెక్కిస్తే 41 రాత్రులు. మా అమ్మాయి ఫ్లోరిడాలో ఉంటుంది. హైదరాబాదు నుంచి బార్సిలోనా దాకా విమానం ఎలాగూ తప్పదు. ఆ తర్వాత మరో పది గంటలు సీట్లో ఇరుక్కుని కూర్చోవడానికి మా ఆవిడ మోకాళ్లు ఒప్పుకోలేదు. అలా మొదలైంది. ఎవరడిగినా ఒక్కటే చెబుతున్నాను: పడమటికి వెళ్లండి, తూర్పుకు వద్దు.

ఈ ప్రయాణాలు ఎందుకు చవకో ముందు చెప్పాలి. పెద్ద క్రూయిజ్ ఓడలు ఎండాకాలమంతా మధ్యధరా సముద్రంలో తిరుగుతాయి, చలికాలానికి కరీబియన్ దీవులకు మకాం మారుస్తాయి. అక్టోబరు, నవంబరు నెలల్లో అటు, ఏప్రిల్, మే నెలల్లో ఇటు. ఎలాగూ వెళ్లాల్సిన ఓడ కనుక ఖాళీగా వెళ్లడం ఎందుకని టికెట్లు తగ్గించి అమ్ముతారు. దారిలో చూసే ఊళ్లు తక్కువ. మా మొదటి ప్రయాణంలో ఆఫ్రికా తీరానికి దగ్గరున్న కెనరీ దీవుల్లోని టెనెరిఫే దాటాక వరసగా ఎనిమిది రోజులు నేలే కనిపించలేదు. ఊళ్లు చూడాలనుకునేవాళ్లకు ఇది బొత్తిగా పనికిరాదు. నాకైతే ఆ ఎనిమిది రోజులే అసలు సరుకు.

బార్సిలోనాకూ ఫ్లోరిడాకూ మధ్య ఆరు గంటల తేడా. విమానంలో ఆ ఆరు గంటలూ ఒక్కసారిగా నెత్తిన పడి వారం రోజులు మనిషిని పిచ్చివాణ్ణి చేస్తాయి. పడమటికి వెళ్లే ఓడ వాటిని విడివిడిగా, రాత్రికొకటి చొప్పున మన చేతిలో పెడుతుంది. రాత్రి మంచం మీద ఒక చీటీ ఉంటుంది, 'ఈ రాత్రి గడియారం గంట వెనక్కి తిప్పుకోండి' అని. అలాంటి చీటీలు ఆరు. ఉదయం ఐదింటికి లేచే అలవాటున్న నేను నాలుగింటికే లేచేసి, పనివాళ్లు తడిగుడ్డతో కమ్మీలు తుడుస్తుంటే డెక్ మీద ఒంటరిగా నడిచేవాణ్ణి. ఫ్లోరిడాలో దిగాక ఒక్క రోజు కూడా పగటి నిద్ర రాలేదు.

తూర్పుకు వచ్చేటప్పుడు ఇదంతా తలకిందులు. గడియారం తిప్పిన రోజుకు 23 గంటలే. మా ఓడలో మధ్యాహ్నం సరిగ్గా 12 గంటలకు గడియారం ముందుకు తిప్పేవాళ్లు. అంటే 12 కాగానే ఒంటిగంట. భోజనం అరగకముందే టీ, టీ కప్పు దించకముందే రాత్రి భోజనం. మా ఆవిడ అయితే, "నా దగ్గర గంట దొంగిలించి పైగా తిండి పెడుతున్నారు" అని గొణిగేది.

గాలి సంగతి కూడా అంతే. కెనరీ దీవుల మీదుగా వెళ్లే ఆ దక్షిణపు దారిలో ఈశాన్యం నుంచి వ్యాపార పవనాలు ఎడతెగకుండా వీస్తాయి. 1492లో కొలంబస్ కెనరీ దీవుల్లోని లా గొమేరా నుంచి తెరచాపలెత్తి, 36 రోజులకు అవతలి నేల చూసింది ఈ గాలి మీద ఆధారపడే. మా ఓడ దాదాపు 19 నాట్ల వేగంతో, అంటే గంటకు 35 కిలోమీటర్ల చొప్పున వెళ్లేది. వెనక నుంచి గాలి కూడా ఇంచుమించు అంతే వేగంతో వస్తే రెండూ చెల్లుకుపోతాయి. సముద్రం నిండా తెల్ల నురుగలు లేస్తుంటే డెక్ మీద మాత్రం చెవి పక్క వెంట్రుక కదలదు, పొగగొట్టం నుంచి పొగ నిటారుగా పైకి పోతుంది. మొదటిసారి చూసినప్పుడు ఓడ ఆగిపోయిందేమో అనుకున్నాను. అదే తూర్పుకు వస్తే ఓడ వేగం, గాలి వేగం రెండూ కలిసి మొహాన కొడతాయి. ఏప్రిల్‌లో నాలుగు రోజులు ముందు వైపు తలుపులకు తాళ్లు కట్టి, 'బయటికి రావద్దు' అని బోర్డు పెట్టారు.

గది ఎంపికలో మొదటిసారి పప్పులో కాలేశాం. పై అంతస్తులో ముందు భాగం, గొప్పగా ఉంటుందని అక్కడ తీసుకున్నాం. ఓడ ముక్కు అలల మీద లేచి పడుతుంటుంది కాబట్టి ఊపంతా అక్కడే. రెండో రాత్రి నుంచి బీరువాలో హ్యాంగర్లు టింగు టింగుమని ఒకదానికొకటి తగలడం, దాని వెంటనే సొరుగు తెరుచుకుని మూసుకోవడం. రాత్రి రెండింటికి లేచి హ్యాంగర్లన్నీ తువ్వాలుతో మూటకట్టాను, సొరుగు సందులో రెండు మేజోళ్లు దూర్చాను. అప్పటికే మా ఆవిడకు కడుపులో తిప్పుడు. ఓడ వైద్యుణ్ణి చూస్తే బిల్లు వంద డాలర్లు దాటింది. బీమా చేయించుకున్నాం కనుక బతికిపోయాం. తర్వాతి రెండుసార్లు కింది అంతస్తులో, ఓడ నడిబొడ్డున గది తీసుకున్నాం. మాత్ర అవసరమే పడలేదు. కిటికీ లేని గది చవకే కానీ, అసలే గడియారం మాటిమాటికీ మారుతుంటుంది, దానికి తోడు చీకటి. పగలో రాత్రో తెలియక పిచ్చెక్కుతుంది. బాల్కనీకి ఖర్చు పెట్టనక్కర్లేదు, కిటికీ చాలు. నవంబరులో పడమటికి వెళ్తుంటే సూర్యుడు ఎడమ వైపు ఉంటాడు. చలి గిట్టనివాళ్లు ఎడమ వైపు గది అడగండి.

తిండి గురించి ఎక్కువ చెప్పను. దొరకనిది లేదు, రుచి మాత్రం మూడో రోజుకే ఒక్కటైపోతుంది. తొమ్మిదో రోజుకు పచ్చని ఆకులు తగ్గి క్యాబేజీ పెత్తనం మొదలవుతుంది. శాకాహార భారతీయ భోజనం కావాలంటే ఎక్కకముందే రాసి చెప్పాలి. సీలు వేసిన గోంగూర పచ్చడి, కందిపొడి ప్యాకెట్లు తీసుకెళ్లాం, ఎవరూ ఆపలేదు. దిగేటప్పుడు అమెరికా కస్టమ్స్ వాళ్లకు చెప్పాం, వాళ్లూ ఏమనలేదు. ఓడలో చప్పని పెరుగు పుష్కలం. కందిపొడి అన్నం, చివర పెరుగన్నం, ఎదురుగా కిటికీలో సముద్రం!

పొద్దు ఎలా గడుస్తుందని అందరూ అడుగుతారు. నృత్య పాఠాలు, చరిత్ర ఉపన్యాసాలు, క్విజ్‌లు, పేకాట, అన్నీ ఉన్నాయి. నేను వేటికీ వెళ్లలేదు. మధ్యాహ్నం కెప్టెన్ మైకులో చెప్పే నాలుగు మాటల కోసం మాత్రం చెవి కోసుకునేవాణ్ణి: ఎక్కడున్నాం, గాలి ఎంత, కింద లోతు ఎంత. ఐదు వేల మీటర్లకు అటూ ఇటూగా ఉండే లోతు ఒకరోజు ఉన్నట్టుండి మూడు వేల పైచిలుకు అయింది. అట్లాంటిక్ అడుగున ఉత్తరం నుంచి దక్షిణం దాకా పాకిన పర్వతశ్రేణి మీద వెళ్తున్నామట. కమ్మీ పట్టుకుని కిందికి చూశాను. అదే నీలం. మర్నాటి నుంచి నీటి మీద పసుపు రంగు నాచు బారులు బారులుగా, ముగ్గు గీతల్లా గాలివాటంగా సాగిపోతూ కనిపించింది. సర్గాసమ్ అంటారు. ఆ బారుల మధ్య నుంచి ఎగిరే చేపలు చిన్న పిట్టల్లా లేచి, నీటికి జానెడు ఎత్తున జారిపోయేవి.

మూడో ప్రయాణంలో కార్తీక పౌర్ణమి నడిసముద్రంలో వచ్చింది, 2024 నవంబరు 15. గదిలో నిప్పు వెలిగించకూడదు, కొవ్వొత్తి కూడా నిషేధం. మా ఆవిడ అది ముందే తెలుసుకుని బ్యాటరీ దీపాలు తెచ్చుకుంది. ఉపవాసం మాత్రం మామూలుగానే. పడమటికి పరిగెత్తే ఓడలో పగలు ఒక పావుగంట సాగుతుందని నేను లెక్క కట్టి చెప్పాను, ఆకలి మీదున్న మనిషికి ఆ లెక్క రుచించలేదు. సాయంత్రం ఓడ వెనక భాగానికి వెళ్లి నిలబడ్డాం. ముందు సూర్యుడు దిగుతుంటే, వెనక నురుగుదారి కొసన చంద్రుడు లేచాడు. చిన్న బ్యాటరీ దీపాన్ని దోసిట్లో పట్టుకుని ఆమె ఏదో చదువుకుంటుంటే, కుర్చీలు సర్దుతున్న కుర్రాడు ఆగి, "అమ్మా, తెలుగువారా?" అన్నాడు. గాజువాక అబ్బాయి. ఇంటికి వెళ్లి ఏడు నెలలైందట.

"పడమటికి వెళ్తుంటే మాకు పండగేనమ్మా. గడియారం తిప్పిన రాత్రల్లా గంట నిద్ర మిగులుతుంది. ఏప్రిల్‌లో ఆ అప్పంతా వడ్డీతో కడతాం" అన్నాడు. ఇన్నాళ్లూ ఆ గంటలు మాకే ఇచ్చారనుకున్నాను. మా ఆవిడ మిగిలిన కందిపొడి ప్యాకెట్ అతనికి ఇచ్చేసింది. ఆ తర్వాతి రెండు రోజులూ నాకు ఉత్త పెరుగన్నమే.

డబ్బు సంగతి చూస్తే, మాకు కిటికీ గది మనిషికి రోజుకు 80 డాలర్ల లోపు పడింది, సిబ్బందికిచ్చే టిప్పులు అదనం. ఇంటర్నెట్, కాఫీ, బట్టలుతకడం, ప్రతిదానికీ విడిగా వసూలు చేస్తారు. చొక్కా ఉతకడానికి అడిగిన డబ్బుతో మా ఊళ్లో చొక్కానే కొనొచ్చు. సింకులో ఉతుక్కున్నాం. ఓడ ఎక్కగానే ఫోను తప్పక ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. మొదటిసారి నేను మరిచిపోతే, ఓడలోని ఉపగ్రహ సిగ్నల్ పట్టుకుని, ఒక్క రాత్రిలో నెల బిల్లుకు నాలుగింతలు వచ్చింది. ఫోను దానంతట అది టైము మార్చుకోకుండా కూడా చూసుకోండి, చేతి గడియారాన్నే నమ్ముకోండి.

వచ్చే నవంబరుకు మళ్లీ టికెట్లు తీశాం. కింది అంతస్తు, నడిబొడ్డు, ఎడమ వైపు కిటికీ గది. పెట్టెలో కందిపొడి ప్యాకెట్లు ఈసారి నాలుగు పెట్టాను. హ్యాంగర్లకు కట్టడానికి రెండు పాత తువ్వాళ్లు కూడా, నమ్మకం లేక.