మెరీనాలో కాఫీ బండి పెట్టిన చోటు

ఉదయం విజయవాడలో పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి మధ్యాహ్నానికి నేనూ అమ్మా చెన్నైలో దిగాం. ట్రిప్లికేన్‌లో పార్థసారథి గుడికి దగ్గరగా ఒక లాడ్జిలో బస. గది ఇరుకు. ఐదింటికే వస్తాయన్న వేణ్ణీళ్లు ఏడు దాటాక గానీ రాలేదు. అయినా మళ్లీ వెళితే అక్కడే దిగుతాను, మెరీనాకు నడిచి వెళ్లవచ్చు కాబట్టి.

మేము వెళ్లింది, మెరీనాలో కాఫీ బండితో మొదలుపెట్టి రెస్టారెంట్ల దాకా ఎదిగిన పట్రీషియా నారాయణ్ బండి పెట్టిన చోటు చూడటానికి. భర్త మత్తుకు బానిసయ్యాడు, ఇద్దరు చిన్న పిల్లలు. పుట్టింట్లో పచ్చళ్లు, జామ్‌లు చేసి అమ్ముతూ ఆమె కూడబెట్టిన డబ్బే పెట్టుబడి. 1982లో మెరీనా దగ్గరి అణ్ణా స్క్వేర్ ఎదుట బండి నిలబెడితే మొదటి రోజు అమ్ముడైంది ఒకే ఒక్క కాఫీ, యాభై పైసలు. పట్రీషియా ఏడుస్తుంటే, ఒకటైనా అమ్మావు కదా అని ఆమె తల్లి ధైర్యం చెప్పింది. మర్నాడు ఆరేడు వందల రూపాయలు వచ్చాయి. ఆ యాభై పైసల రాత్రి ఆమెకు నిద్ర ఎలా పట్టిందోనని నేను చాలాసార్లు అనుకున్నాను.

సాయంత్రం తీరమంతా జనం. సుండల్ (శనగ గుగ్గిళ్లు), మిరపకాయ బజ్జీ బాగున్నాయి కానీ కాలు పెట్టే చోటు లేదు. పెద్దవాళ్లతో వెళ్లేవారికి తెల్లవారుజామే మేలు. ఆ వేళ నడకకు వచ్చేవాళ్లను చూస్తుంటే అర్థమైంది: మురికివాడల నిర్మూలన బోర్డు కార్యాలయంలో క్యాంటీన్ అవకాశం ఆమెకు ఇలా నడకకు వచ్చిన ఒక అధికారి వల్లే దక్కింది. అక్కడి నుంచి ఒక్కో క్యాంటీనే పెరిగి రెస్టారెంట్ల దాకా వచ్చింది. 2010లో పారిశ్రామిక, వాణిజ్య మండళ్ల సమాఖ్య ఫిక్కీ ఆమెకు ఉత్తమ మహిళా పారిశ్రామికవేత్త పురస్కారం ఇచ్చింది.

రెండో రోజు అద్దె కారులో చెన్నైకి దక్షిణాన ఉన్న అచ్చిరుపాక్కం అనే ఊరికి వెళ్లాం. డ్రైవరు నిదానంగా, మర్యాదగా నడిపాడు. 2004లో పట్రీషియా కూతురు, అల్లుడు ఆ దారిలో ప్రమాదంలో చనిపోయారు. శవాలను ఎక్కించుకోవడానికి అంబులెన్సు నిరాకరించింది. తర్వాత ఆమే అక్కడ ఉచితంగా అంబులెన్సు పెట్టించింది. కూతురి జ్ఞాపకంగా 2006లో కొడుకుతో కలిసి సందీఫా రెస్టారెంటు తెరిచింది.

అమ్మ ఊళ్లోని పాత శివాలయానికి వెళ్లింది. నేను రోడ్డు పక్కనే నిలబడి, వచ్చే లారీలను, పోయే లారీలను చూస్తూ ఉండిపోయాను.