గేర్ పడనప్పుడు ఏది ముందు: హైడ్రాలిక్సా, క్లచ్ సెట్టా?

మొదటి గేర్ వేయాలంటే లివర్‌ని బలంగా నెట్టాల్సి వస్తోంది. రివర్స్ వేస్తే గర్రుమంటోంది. చూపిస్తే ‘క్లచ్ పోయింది, సెట్ మార్చాలి’ అన్నారు. మార్చేయాలా, ముందు సిలిండర్లు చూడాలా? పాఠకులు తిప్పి తిప్పి అడిగే ప్రశ్న ఇది. హైడ్రాలిక్ క్లచ్‌లో పెడల్ దగ్గరి మాస్టర్ సిలిండర్ ఆయిల్‌ని నెడుతుంది, గేర్‌బాక్స్ దగ్గరి స్లేవ్ సిలిండర్ ఆ ఒత్తిడితో క్లచ్‌ని విడదీస్తుంది. ఇలాంటి క్లచ్ ఉన్న మాన్యువల్ కారుకు నా జవాబు ఇదీ: గేర్ పడకపోవడం జబ్బయితే ముందు హైడ్రాలిక్స్. ఇంజిన్ రేజ్ అవుతున్నా బండి వేగం అందుకోకపోవడం జబ్బయితే ముందు క్లచ్ సెట్. ఒక రకం కార్లలో మాత్రం ఈ వరుస మారుతుంది, దాని సంగతి కింద ఉంది.

రెండు పనుల మధ్య శ్రమలో చాలా తేడా ఉంది. సెట్ (ప్లేట్, ప్రెషర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్) మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి. ముందు చక్రాలు లాగే బండిలో డ్రైవ్ షాఫ్టులు ఊడదీయాలి, కొన్నిటికి సబ్‌ఫ్రేమ్ కూడా దించాలి. స్లేవ్ సిలిండర్ బయట ఉన్న బండిలో అయితే రెండు బోల్టులు, ఒక పైపు, తర్వాత గాలి తీయడం. మాస్టర్ సిలిండర్లో లోపం ఉండగా కొత్త సెట్ వేస్తే, గేర్‌బాక్స్ ఎక్కించిన రోజే పాత జబ్బు మళ్లీ కనిపిస్తుంది.

పట్టడం లేదా, వదలడం లేదా?

‘క్లచ్ పోయింది’ అనే మాట కింద రెండు ఎదురెదురు జబ్బులు ఉన్నాయి. పట్టు జారడం ఒకటి: పెడల్ వదిలేసినా ప్లేట్ గట్టిగా పట్టదు. వదలకపోవడం రెండోది: పెడల్ పూర్తిగా తొక్కినా ప్లేట్ ఇంజిన్‌తో పాటు తిరిగే ఫ్లైవీల్ నుంచి విడిపోదు, గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ తిరుగుతూనే ఉంటుంది. ప్లేట్ అరిగితే వచ్చేది మొదటిది. గేర్ పడనివ్వనిది రెండోది. ఈ రెండో జబ్బుకు ప్లేట్ మందంతో సాధారణంగా సంబంధం ఉండదు.

జారుడు చూడాలంటే ఖాళీ రోడ్డు మీద నాలుగో గేర్లో 40–50 కి.మీ. వేగంతో వెళ్తూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. వేగం పెరగకుండా టాకోమీటర్ ముల్లు పైకి లేస్తే జారుతున్నట్టే. హ్యాండ్‌బ్రేక్ లాగి మూడో గేర్లో క్లచ్ వదిలి ఇంజిన్ ఆగుతుందో లేదో చూసే పద్ధతీ ఉంది. అది ఒక్కసారికి మించి చేయొద్దు, జారే ప్లేట్ క్షణాల్లో కాలిపోతుంది.

వదలకపోవడం చూడటం ఇంకా తేలిక. ఇంజిన్ ఆపి అన్ని గేర్లూ వేసి చూడండి. అన్నీ మెత్తగా పడి, స్టార్ట్ చేశాక మాత్రం మొరాయిస్తే క్లచ్ వదలడం లేదు. ఇంకాస్త గట్టి రుజువు కావాలంటే న్యూట్రల్‌లో పెడల్ పూర్తిగా తొక్కి, పది సెకన్లు ఆగి, రివర్స్ వేయండి. ఆ వ్యవధిలో ఇన్‌పుట్ షాఫ్ట్ ఆగిపోవాలి. ఆగిన షాఫ్ట్ మీద రివర్స్ గర్రుమనదు. గర్రుమంటే అది ఇంకా తిరుగుతోందన్న మాట. రివర్స్‌కి కూడా సింక్రోనైజర్ (గేర్ల వేగాలను సమం చేసే రింగ్) ఉన్న గేర్‌బాక్సుల్లో ఈ చప్పుడు దాగిపోవచ్చు. అప్పుడు చదునైన నేల మీద, ముందు ఖాళీ జాగా చూసుకుని, పెడల్ తొక్కి మొదటి గేర్ వేసి బ్రేక్ వదలండి. బండి మెల్లగా పాకినా, గేర్ పడిన క్షణాన ఇంజిన్ స్పీడ్ కుంగినా అదే నిర్ధారణ.

తేల్చేది ప్రయాణం

ఇక్కడి నుంచి అసలు నిర్ణయం ఒకే కొలత మీద ఆధారపడుతుంది: పెడల్ తొక్కినప్పుడు స్లేవ్ సిలిండర్ పుష్‌రాడ్ ఎన్ని మిల్లీమీటర్లు కదులుతోంది? దీన్ని కొలవకుండా సెట్ రాసేయడమే ఈ రంగంలో నాకు అన్నిటికంటే బాధ కలిగించే అలవాటు. స్కేలు పట్టుకుని ఒకరు కింద ఉండాలి, ఒకరు పెడల్ తొక్కాలి. ఇంజిన్ ఆపే ఉండాలి. వచ్చిన అంకెను ఆ మోడల్ మాన్యువల్‌తో పోల్చాలి, ఎందుకంటే రిలీజ్ బేరింగ్‌ని నెట్టే ఫోర్క్ పొడవును బట్టి ఇది బండి బండికీ మారుతుంది. ప్రయాణం తక్కువుంటే తప్పు హైడ్రాలిక్స్‌లోనో పెడల్ దగ్గరో ఉంది. పూర్తిగా ఉండి కూడా క్లచ్ వదలకపోతే తప్పు బెల్ హౌసింగ్ (క్లచ్‌ని కప్పి ఉండే గేర్‌బాక్స్ ముందు భాగం) లోపల ఉంది. అప్పుడే గేర్‌బాక్స్ దించాలి.

పెడల్ నేలకు దగ్గరగా వచ్చాక గానీ క్లచ్ అందుకోకపోతే ‘ప్లేట్ అరిగింది’ అని చాలామంది అనుకుంటారు. హైడ్రాలిక్ బండిలో ఇది తప్పు. ప్లేట్ అరిగే కొద్దీ ప్రెషర్ ప్లేట్ డయాఫ్రమ్ స్ప్రింగ్ వేళ్లు రిలీజ్ బేరింగ్ వైపు జరుగుతాయి, స్లేవ్ పిస్టన్‌ని వెనక్కి నెడతాయి, ఆ మేరకు ఆయిల్ తిరిగి ట్యాంకులోకి వెళ్తుంది. సిస్టమ్ తనంతట తానే సర్దుకుంటుంది, అందుకే క్లచ్ అందుకునే చోటు పెద్దగా మారదు. అది నేలకు దిగిందంటే గాలైనా చేరింది, సీలైనా పోయింది. ఇదే కారణంతో క్లచ్ అరుగుదల వల్ల ఆయిల్ మట్టం తగ్గదు. క్లచ్‌కి విడిగా ట్యాంకు ఉండి మట్టం తగ్గుతుంటే లీకు ఉన్నట్టే. బ్రేక్‌తో ఉమ్మడి ట్యాంకు అయితే ప్యాడ్ల అరుగుదల వల్ల కూడా తగ్గుతుంది కాబట్టి రెండూ చూడాలి.

హైడ్రాలిక్స్‌లో ఏది?

ముందుగా పెడల్ కింద అదనపు మ్యాట్ ఉంటే తీసేయండి. ఒక సెంటీమీటరు మందం మ్యాట్ చాలు, చివరి ప్రయాణాన్ని తినేయడానికి. పెడల్ బ్రాకెట్ పగిలిందేమో, మాస్టర్ బిగించిన చోట ఫైర్‌వాల్ వంగుతోందేమో కూడా చూడండి.

రెండు మూడు సార్లు గబగబా పంప్ చేస్తే గేర్ పడుతుందా? గాలి ఉందన్న మాట, లేదా మాస్టర్ ఒక్క స్ట్రోకులో సరిపడా ఆయిల్ పంపడం లేదు. తొక్కి పట్టుకుంటే కాసేపటికి బండి పాకడం మొదలై, బయట ఎక్కడా తడి లేదా? మాస్టర్ లోపలి కప్ సీల్ దాటి ఆయిల్ వెనక్కి పోతోంది. ఇది అన్నిటికంటే ఎక్కువగా తప్పుదారి పట్టించే లోపం: చుక్క కారదు, మట్టం తగ్గదు. బయటికి కారే మాస్టర్ అయితే పెడల్ పైన పుష్‌రాడ్ దగ్గరా, కార్పెట్ అంచునా తడి కనిపిస్తుంది. స్లేవ్ సంగతి తేల్చాలంటే దాని రబ్బరు బూట్ ఎత్తి చూడాలి, లోపల తడి ఉంటే సీల్ పోయింది.

రెండింటిలో ఏదో తేలకపోతే రబ్బరు హోస్‌ని నున్నని దవడల క్లాంప్‌తో నొక్కి పెడల్ తొక్కండి. పెడల్ పైనే రాయిలా ఆగితే మాస్టర్ బాగుంది, తప్పు క్లాంప్‌కి కింద ఉంది. అయినా దిగిపోతే మాస్టరో, దాని దగ్గరి గాలో. ప్లాస్టిక్ లైన్లున్న బండిలో ఈ పని చేయొద్దు, పగులుతాయి.

గాలి తీసేటప్పుడు పెడల్ నెమ్మదిగా దించాలి, స్లేవ్ మీద గాలి వదిలే బ్లీడ్ నిపుల్ మూసిన తర్వాతే పైకి రానివ్వాలి. లేవకపోతే చేత్తో లేపాలి. ట్యాంకు ఒక్కసారి అడుగంటినా మొదటికొస్తుంది. మొత్తం పాత ఆయిల్ మార్చడానికి సాధారణంగా అర లీటరు డబ్బా ఒకటి చాలు. మూత మీద రాసిన గ్రేడే పోయాలి. డాట్ 3, డాట్ 4 గ్లైకాల్ రకాలు. కొన్ని బండ్లు మినరల్ ఫ్లూయిడ్ వాడతాయి. డాట్ ఆయిల్ కోసం చేసిన సీళ్లలో మినరల్ ఆయిల్ పోస్తే అవి ఉబ్బిపోయి సిస్టమ్ మొత్తం మార్చాల్సి వస్తుంది.

హైడ్రాలిక్స్ వల్ల పట్టు జారడం కూడా ఉంటుంది, అరుదే అయినా. మాస్టర్ పుష్‌రాడ్‌కి ఫ్రీ ప్లే (కొద్దిపాటి వదులు) లేకపోతే పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, ఆయిల్ ట్యాంకుకి తిరిగి వెళ్లే రంధ్రం తెరుచుకోదు. వేడికి వ్యాకోచించిన ఆయిల్ క్లచ్‌ని కొంచెం తొక్కి పెట్టినట్టే ఉంచుతుంది. లోపల ఉబ్బిన హోస్ కూడా ఇదే చేస్తుంది. బండి వేడెక్కాక జారుతుంటే, ఆపి బ్లీడ్ నిపుల్ వదులు చేయండి. ఒత్తిడితో ఆయిల్ చిమ్మి, ఆ తర్వాత క్లచ్ పట్టిందంటే సెట్ మార్చక్కర్లేదు. జారుడుకి సెట్ రాసే ముందు ఈ ఒక్క పరీక్ష చేయించమని అందరికీ చెబుతాను.

వరుస మారే చోటు

స్లేవ్ సిలిండర్ బెల్ హౌసింగ్ లోపల, ఇన్‌పుట్ షాఫ్ట్ చుట్టూ రిలీజ్ బేరింగ్‌తో కలిసి ఉండే కార్లు చాలా ఉన్నాయి. వీటిలో ఫోర్క్ ఉండదు, బయట కొలవడానికి పుష్‌రాడ్ ఉండదు. మాస్టర్ బాగుండి, గాలి తీసినా ఫలితం లేక, బెల్ హౌసింగ్ అడుగున చుక్కలు కారుతుంటే గేర్‌బాక్స్ దించక తప్పదు. ఆ చుక్క ఏమిటో నీళ్ల గ్లాసు చెబుతుంది: డాట్ ఫ్లూయిడ్ నీళ్లలో కలిసిపోతుంది, ఇంజిన్ ఆయిల్, గేర్ ఆయిల్ పైన తేలతాయి.

ఇలా దించినప్పుడు సిలిండర్ ఒక్కటే మార్చాలా, సెట్ కూడానా? రెండూ మార్చడమే మేలు. ప్లేట్‌కి కొంత ఆయుష్షు మిగిలి ఉన్నా సరే. ఇంకో పక్క నుంచి చూసినా అంతే: సెట్ మార్చి పాత సిలిండర్ ఉంచేస్తే అది త్వరలోనే కారే అవకాశం ఎక్కువ. కొత్త ప్లేట్ మందం వల్ల డయాఫ్రమ్ వేళ్లు ఫ్లైవీల్ వైపు వెనక్కి తగ్గుతాయి, పిస్టన్ మళ్లీ ముందుకు జరిగి ఏళ్ల తరబడి సీల్ కదలని చోట కదలడం మొదలెడుతుంది. అక్కడ పేరుకున్న తుప్పు, మురికి పాత సీల్‌ని కోసేస్తాయి. బయట ఉండే స్లేవ్‌కీ ఇది వర్తిస్తుంది, కానీ దాన్ని తర్వాత మార్చుకోవడం కష్టం కాదు. కొత్త సిలిండర్‌ని బిగించే ముందు చేత్తో నొక్కి చూడొద్దు, ఆయిల్ లేకుండా కదిలిస్తే సీల్ దెబ్బతింటుంది.

గేర్‌బాక్స్ దించాక

ప్రయాణం పూర్తిగా ఉన్నా క్లచ్ వదలకపోవడానికి లోపలి కారణాలు వేరు: ఇన్‌పుట్ షాఫ్ట్ స్ప్లైన్ల (పళ్ల గాడుల) మీద తుప్పు పట్టి జారని ప్లేట్, వంగిన ప్లేట్, విరిగిన డయాఫ్రమ్ వేలు, ఊడిన డ్యాంపర్ స్ప్రింగ్, అరిగిన ఫోర్క్ పివట్, బిగుసుకున్న పైలట్ బేరింగ్. నెలల తరబడి కదలని బండిలో ప్లేట్ ఫ్లైవీల్‌కి అతుక్కుపోవడమూ ఉంది. కొత్త సెట్ వేసిన వెంటనే గేర్ పడకపోతే బిగింపునే అనుమానించాలి. ప్లేట్ తిరగేసి పెట్టి ఉండొచ్చు. ఎక్కించేటప్పుడు గేర్‌బాక్స్ బరువంతా ఇన్‌పుట్ షాఫ్ట్ మీద వేలాడి ప్లేట్ హబ్ వంగి ఉండొచ్చు.

జారుడు వల్ల దించితే ఎందుకు జారిందో చూడకుండా మూయొద్దు. ప్లేట్‌లో రివెట్ తల పైన లైనింగ్ సుమారు 0.3 మి.మీ. లోపే మిగిలితే అది అరుగుదల. లైనింగ్ మందంగా ఉండి నల్లగా, జిడ్డుగా ఉంటే ఆయిల్ సీల్ పోయింది. ఇంజిన్ వెనక సీల్ నుంచి నల్లటి ఆయిల్ వస్తుంది, ఇన్‌పుట్ షాఫ్ట్ సీల్ నుంచి గంధకం వాసనున్న గేర్ ఆయిల్ వస్తుంది. సీల్ మార్చకుండా వేసిన కొత్త సెట్ మళ్లీ తడిసిపోతుంది. ప్లేట్ ఒక్కటే మార్చడం నేను సమర్థించను. అరిగిన ప్రెషర్ ప్లేట్ పట్టు తగ్గుతుంది, రిలీజ్ బేరింగ్ పోతే మళ్లీ గేర్‌బాక్సే దించాలి. ఫ్లైవీల్ మీద నీలం మచ్చలు, సన్నని పగుళ్లు ఉంటే బండి కదిలేటప్పుడు కుదుపు వస్తుంది. సాదా ఫ్లైవీల్‌ని కోత పట్టించవచ్చు. డ్యూయల్ మాస్ (మధ్యలో స్ప్రింగులున్న రెండు భాగాల ఫ్లైవీల్) అయితే ఎంత వదులు ఉందో మాన్యువల్ చెప్పిన పరిమితితో పోల్చి, మించితే మార్చడమే.

గేర్‌బాక్స్ మీద అనుమానం

ఒక్క గేర్ మాత్రమే, ముఖ్యంగా రెండోది, వేగం మీద దించేటప్పుడు గర్రుమంటూ మిగతావి బాగుంటే అది సింక్రోనైజర్ రింగ్. ఇంజిన్ ఆపినా అన్ని గేర్లూ బిగుసుకుంటే లింకేజీ లేదా గేర్ కేబుళ్లు చూడండి. గేర్ ఆయిల్ మార్చి చూడొచ్చు, ఖర్చు తక్కువ. జీఎల్-4 గ్రేడ్ ఆయిల్ చెప్పిన గేర్‌బాక్స్‌లో జీఎల్-5 మాత్రం పోయొద్దు. దానిలోని గంధకం కలిసిన సంకలనాలు ఇత్తడి రింగులకు పడకపోవచ్చు, ఆయిల్ జారుడు గుణం ఎక్కువై రింగ్ పట్టు కూడా తగ్గవచ్చు.

చప్పుడుతో కొంత తెలుస్తుంది. న్యూట్రల్‌లో ఉన్న గుర్రుమనే శబ్దం పెడల్ తొక్కగానే ఆగితే ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ వైపు చూడాలి. తొక్కినప్పుడే మొదలైతే రిలీజ్ బేరింగ్. మలుపుల్లో టక్‌టక్‌మంటే డ్రైవ్ షాఫ్ట్ బయటి సీవీ జాయింట్, నేరుగా వెళ్తూ వేగం పెంచినప్పుడు వణికితే లోపలి జాయింట్, యాక్సిలరేటర్ వదిలి తొక్కినప్పుడు ధన్‌మని కొడితే ఇంజిన్ మౌంట్లు, వెనక చక్రాల బండిలో అయితే ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్‌లు. వీటికి క్లచ్ జోలికి వెళ్లక్కర్లేదు.

కేబుల్ క్లచ్ ఉన్న బండిలో చూడాల్సింది ఫ్రీ ప్లే. మరీ వదులైతే వదలదు, మరీ బిగువైతే జారుతుంది. పెడల్ బరువెక్కి, కరకరలాడుతూ కదిలితే కేబుల్ పోగులు తెగుతున్నాయి, సెట్ మాట ఎత్తకముందే కేబుల్ మార్చండి.